కాలువ కట్టేసిన వారం

మండపేట దాటాక కాలువ అడుగు బయటపడి
ఎండుతున్న నాచు వాసన.
ఏడాదికి ఈ పది రోజులే బాయిలర్‌కీ సెలవు.
మనిషి దూరే కంతలోంచి ముందు నా టార్చి వెళ్తుంది,
తర్వాత నేను.

లోపల ఇంకా వెచ్చగానే ఉంది,
రాత్రి ఆర్పిన పొయ్యి గట్టులా.
గొట్టాలు బారులుగా వేలాడుతున్నాయి.
ఒక్కోదానికీ బూడిద అట్టు కట్టి,
వంపుల దగ్గర కరిగి, గాజులా గడ్డకట్టి.
ఏసుపాదం గారు ఉలితో తట్టి ఊడదీస్తారు.
అట్టు కింద ఎర్రది. ఎర్రదాని కింద నల్లది.
నల్లదాని కింద ఇనుము,
ఇంకా మిగిలుంటే.

"మంచి లోహానికి తుప్పు పట్టదనుకుంటారమ్మా.
పడుతుంది.
పట్టిన తుప్పునే చొక్కాలా తొడుక్కుని
ఇక చాలు, అంటుంది. అంతే తేడా.
క్రోమియం చేసేది ఆ ఒక్క పనే.
కంటికానని పొరొకటి నేసి
మంటకీ తనకీ మధ్య అడ్డం పట్టుకోవడం.
చిరిగితే మళ్ళీ నేస్తుంది.
నూలున్నంత కాలం."

ముప్ఫై ఏళ్ళ వెల్డింగు వెలుగు తిన్న కళ్ళతో
ఆయన అట్టుముక్కని దగ్గరగా చూసి
నాలిక చివర ఆనించి ఉమ్మేశారు.
"ఉప్పు."

నాకు తెలుసు.
పోయినేడు ఊక చాలక గడ్డి కొన్నారు,
ఉప్పలగుప్తం వైపు నుంచి, లారీలకి లారీలు.
అందులో రెండు లారీలు మా నాన్నవి.
పక్కవాళ్ళ రొయ్యల చెరువు ఊట
గట్టు కిందనుంచి మా చేలోకొచ్చి
వెన్ను తాలైపోయి, గడ్డే మిగిలిన ఏడాది.

నిప్పులో పడ్డా చావలేదు ఆ ఉప్పు.
ఆవిరై లేచి, గొట్టం మీద చల్లబడి కూర్చుని
చొక్కా పోగులు ఒక్కొక్కటే విప్పింది.
అది ఇనుముని తినదు. మోస్తుంది.
లోపలి రేవులో ఎక్కించుకుని
పైన గాలి తగిలే రేవులో దింపేసి
ఖాళీ పడవతో మళ్ళీ లోపలికి.
కూలి అడగదు. అలసిపోదు.
గుప్పెడు ఉప్పు చాలు, ఎన్ని రేవులైనా.

కడుపుతో ఉన్నవాళ్ళకి స్కానింగులో రాసేలాంటి జెల్లీయే
గొట్టానికి రాసి, ప్రోబు ఆనించి, ఊపిరి బిగబడతాను.
కొత్తప్పుడు నాలుగున్నర మిల్లీమీటర్లు.
నిరుడు మూడూ ఎనిమిది.
పదిహేడో గొట్టం, కింది వంపు:
రెండూ ఆరు.
తుడిచి మళ్ళీ పెట్టాను.
రెండూ ఐదు.

బయట మేనేజరు గొడుగు కింద నిలబడి ఉన్నారు.
"దాళ్వా ధాన్యం గేటు దగ్గరుందమ్మా.
మూడని వేసెయ్. సార్వాకి మార్చేద్దాం.
నాలుగు నెలలు ఆగదా ఏంటి?"
ఆగొచ్చు. అదే బాధ.
నిన్నటిదాకా ఆగింది మరి,
ఐదొందల డిగ్రీల ఆవిరిని బిగబట్టి.
ఆ గోడకి అవతలే, కాస్త నీడుందని
ఊక ఎత్తే సత్యవేణి రోజూ క్యారేజీ విప్పుతుంది.
మజ్జిగ మిరపకాయ ఒకటి నాకూ పెడుతుంది.

రెండూ ఐదు అని రాశాను.
కింద సంతకం. పేరు పక్కన చెమట బొట్టు.
ఆయన చదివి, గొడుగు మడిచి, వెళ్ళిపోయారు.
ఏసుపాదం గారు ఏమీ అనలేదు,
కట్టర్‌కి గ్యాసు తిప్పారు.

సాయంత్రం నాన్న ఫోను.
"ఈ ఏడూ మీవాళ్ళు గడ్డి కొంటారా?"
ఏం చెప్పను.
"ఒక్క గట్టి వాన పడేదాకా చేలోనే ఉంచు నాన్నా,
ఉప్పు దిగిపోతుంది."
"వానా?" నవ్వాడు.
"కాలువే కట్టేశారు కదే."

చేతులు రెండుసార్లు కడిగాను.
గోళ్ళ సందుల్లో నల్లది పోలేదు.
దానికింద ఎర్రది.