నలభై మూడో బండి

జూన్ రాత్రి. మురకంబట్టు దారిలో గుజ్జు ఫ్యాక్టరీ.
తూకం గదిలో నేనూ, ఈగలూ, ఒక కంప్యూటరూ.
గేటు బయట బెంగళూరా కాయల ట్రాక్టర్లు,
చివరిది కంటికి ఆనదు.

నూటపదకొండు బండ్ల లెక్క
ఒకే మూటగా కట్టి పంపినా.
నలభై రెండు దిగినాయి, చప్పుడు లేకుండా.
నలభై మూడోది చెంగల్రాయులుది.
బరువు రాయాల్సిన గడిలో ఎవరో
‘తడిసింది’ అని రాసినారు.

అంతే.
నలభై నాలుగు వద్దంది.
నలభై ఐదు, దేశమ్మ కాయ, కిలో తేడా లేదు,
అదీ వద్దంది.
ఊరికే, ఇవాళ తేదీ ఎంత అని అడిగినా,
దానికీ బదులు లేదు.
ముందు జరిగినదాని సంగతి తేల్చు,
తర్వాతే మాట అంటాది.
అలిగిన మా చిన్నత్త కూడా
ఇంత పట్టు పట్టలేదు.

సరేలే, ఉన్నకాడికి ఖాయం చెయ్ అన్నా.
రద్దు చేసినా అనింది.
దిగిన నలభై రెండూ
దిగనట్టే పోయినాయి.

బయట ఎవరో హారన్ కొడతానే ఉండారు.

మళ్లా మొదట్నించి.
ఈసారి ప్రతి బండికీ ముందు ఒక గుంజ పాతినా,
దూడను కట్టేసే మాదిరి.
తప్పు జరిగితే గుంజ దాకా వెనక్కి రా,
అంతకు మించి పోవద్దు.
చెంగల్రాయులు కాడ కాలు జారింది,
ఒకడుగు వెనక్కొచ్చి నిలబడింది,
దేశమ్మను లోపలికి పిలిచింది.

నూటపది.

తెల్లారతా ఉంది. మిగిలిన ఒక్క చీటీ పట్టుకొని
బయటికి పోతే
కాయల మీద గోనె కప్పుకొని ఆయన నిద్ర.
లేపి అడగాల:
అన్నా, తడిసింది కాయా, కాగితమా?