బెల్లానికి చక్కెర తక్కువ

పొద్దుగాల గిన్నె కాడ
ఎనుక కాళ్లు జారి కూలబడ్డది.
నోట్ల నురగ. ముందటి పంజాలతోని మూతి గీక్కుంటున్నది,
అంగిట్ల ఏదో ఇరుక్కున్నట్టు.

దాని పేరు బెల్లం. రంగు గూడ అదే.
మీది గదిల కిరాయికున్న పిలగాడు
రెండు నెల్ల బాకీ కింద వదిలిపెట్టి పోయిండు.
ఫెర్రెట్ అంటరంట.
కాజీపేటల మా గల్లీకి మాత్రం అది ముంగీస.

చౌరస్తా దవాఖానల ఒకాయన
బోను తలుపు తియ్యకుండనే చీటీ రాసిండు,
నట్టల మందు, కుక్కపిల్ల లెక్కన.
సుబేదారిల ఇంకొకాయన
"అడివి జంతువులు ముట్టం, కేసైతది" అన్నడు.
బోనుల పుట్టినదానికి అడివేందని అడుగుదామనుకున్న,
ఎనుక నాలుగు పోమెరేనియన్లు లైన్ల ఉన్నయి.
మామునూరు కాలేజీకి సెలవు.
గేటుకాడి వాచ్‌మన్ మంచి నీళ్లిచ్చి చెప్పిండు:
"నర్సంపేట మేడం. తెలిస్తే ఆమెకే తెలుస్తది."

అట్టపెట్టెకు పొక్కలు, పెట్టెల నా పాత బనీను.
బస్సుల పక్క సీటు ముసలవ్వ
"కోడిపిల్లలా బిడ్డా?" అన్నది.
అవునన్న.
గిర్నిబావి దాటినంక పెట్టె కదుల్తలేదు.
మూత ఎత్తి చూసే ధైర్యం లేక
పొక్కల వేలు పెట్టిన.
సల్లటి ముక్కు. జర తడి.

డాక్టర్ నుస్రత్ చెయ్యి మోచేతిదాక బర్రె కడుపుల ఉన్నది.
తల తిప్పి అడిగింది:
"తిన్నంక పడ్డదా, తినకముందా?"
పొద్దటి సంది ఎవ్వరు అడగని మాట.
ఆ పేడల నిలబడి ఏడ్సిన.

నా సంచిల నా షుగర్ మిషన్ ఉన్నది.
పద్నాలుగేండ్లు నా వేళ్లనే ఎరిగిన మిషన్‌కు
దాని పంజా నుంచి ఓ చుక్క.
ముప్పై ఎనిమిది.
"మనుషుల మిషన్ దీనికి కొంచెం తగ్గించి చూపెడ్తది.
అయినా తక్కువే."
చాయ్ బండి కాడ చక్కెర నీళ్లు తెప్పించి
చిగుళ్లకు వేలితోని రాసింది, మెల్లగ,
పసిగుడ్డుకు వస నాకిచ్చినట్టు.

లోపల మినపగింజంత గడ్డ ఉండొచ్చట,
ఒంట్ల చక్కెరను నిలవనియ్యదట.
"చదువుకునేటప్పుడు ఒక్కదాన్నే చూసిన" అన్నది,
"అది బతకలే. గందుకే మర్వలే."
మాత్ర కాదు, మాత్రల ఎనిమిదో వంతు.
నాలుగు గంటలకోసారి మాంసం, రాత్రిళ్లు గూడ.
ఎన్ని రోజులు మేడం?
నెలలు చెప్పింది. ఏండ్లు చెప్పలే.
బర్రె ఆసామి నాకు గూడ చాయ్ చెప్పిండు,
చక్కెర లేకుండ అన్న. నవ్విండు.

మా ఇంట్ల చక్కెర డబ్బా ఎప్పుడో పోయింది.
ఇప్పుడు అల్మారిల ఓ చిన్న సీస,
మూత మీద నా రాత: నాది కాదు.

రాత్రి రెండింటికి అలారం.
కోడి కీమ వేలి మీద పెట్టి పిలిచిన.
ఎంతసేపటికో లేచింది, వాసన చూసింది,
కీమతో పాటు నా వేలు గూడ కొరికింది.
గట్టిగనే.