మద్దెల ఓడు

తప్పు మాది. ముందే చెప్పేస్తున్నాను.

కొయైకే పైన కొండకొమ్మున మా రిపీటర్,
దానికో రేకుల గది.
పటగోనియా గాలి రోజుకు వందసార్లు తలుపు తట్టి
ఎవరూ తీయకపోతే
భుజం పెట్టి తోస్తుంది.

ఏప్రిల్ చలితో మొదలైంది,
తెల్లారగట్ల మాట వెనకాల
డబ్బాలో గులకరాళ్ళు ఆడించినట్టు.
రేకుల మీద ఎవరో నడుస్తున్నారన్నాడు
గొర్రెలు కాసే రెమిహియో.
కాదు, ఎవరో పళ్ళు కొరుకుతున్నారంది
పడవలోంచి ఒర్తెన్సియా.

పళ్ళు అనగానే
అందరికీ ఎలెవుతేరియో గుర్తొచ్చాడు.
ఎనభై ఒకటి దాటాయి. కట్టుడు పళ్ళు.
పొద్దున ఏడింటికి, ఇంకెవరూ లేవకముందే
నది మట్టం, మంచు లోతు చెప్పే మనిషి.
మైకు మార్చమన్నాం. మార్చాడు.
దూరం పెట్టి మాట్లాడమన్నాం. మాట్లాడాడు.
పళ్ళు తీసి మాట్లాడమని నవ్వింది
ఎవరో కాదు, నేనే.

మర్నాడు ఏడింటికి
చప్పుడూ లేదు, ఆయనా లేడు.
చూశారా, అనుకున్నాం.

వారం తర్వాత నది మట్టం నేను చెబితే
నా మాట వెనకా అవే గులకరాళ్ళు.

నిబాల్దోతో కలిసి కొండెక్కాను.
ఫ్యాను ఆపితే చప్పుడు సగమైంది.
కాలు నేలకేసి కొడితే
చేతిలోని రేడియో దగ్గింది.
పెన్సిల్ రబ్బరు కొసతో
ఒక్కో భాగాన్నీ తట్టుకుంటూ పోయాను,
పుచ్చకాయ బేరమాడేదానిలా.
ఆసిలేటర్ మూత కింద
చిటికెన గోరంత రాగి చుట్ట.
దాన్ని పట్టి ఉంచిన మైనం చలికి పగిలింది.
ఫ్యాను వణికితే అది వణుకుతోంది,
అది వణికితే మా అందరి గొంతూ.

గోడలకు చెవులుంటాయని విన్నాను.
దీనికి నోరు కూడా ఉంది:
తలుపు సంగతి, గాలి సంగతి,
మా బూట్ల సంగతి
లోయంతటికీ మోసేస్తోంది.

చెంచాలో తేనెమైనం కరిగించి పోశాం.
ఫ్యాను కింద పాత సైకిల్ ట్యూబు ముక్కలు.
నిబాల్దో గది మధ్యలో ఎగిరి దూకాడు.
ఏమీ వినపడలేదు.
నమ్మకం కుదరక ఇంకోసారి దూకాడు.

ఆడలేనివాడు మద్దెల ఓడన్నాడట.
ఇక్కడ మద్దెలే ఓడు,
మేం ఆడేవాణ్ణి అన్నాం.

ఆ సాయంత్రం ఆయన గుమ్మంలో
ఇదంతా చెప్పాను, చుట్ట వరకూ, మైనం వరకూ.
మాతే పోసిచ్చాడు. ఏమీ అనలేదు.

పొద్దున ఏడింటికి
నది ఒక మీటరు నలభై, అన్నాడు ఎలెవుతేరియో.
ఆ నిశ్శబ్దంలో
మాటకీ మాటకీ మధ్య
నిజంగానే పళ్ళు టక్కుమన్నాయి,
చిన్నగా.
ఒకటీ నలభై, రాసుకున్నాను.