పేరిన నూనె

డిసెంబర్ల మూడో వారం, తెల్లారుజామున అయిదు.
ఆటోనగర్ల కుక్కలే ఇంకా లేవలేదు.
లక్పతి నాయక్ తన డీసీఎంను తాడుతోని లాగించుకొచ్చి
నా షట్టర్ కొట్టిండు.
వెనకాల బంతిపూల బుట్టలు ముప్పై.
గుడిమల్కాపూర్ల బేరం పొద్దెక్కేదాంక ఆగదు.

"సెల్ఫ్ తిరుగుతున్నది, పానం లేస్తలేదు" అన్నడు.

ఫిల్టర్ గిన్నె ఇప్పి చూసిన.
లోపల డీజిల్ లేదు,
పేరిన నెయ్యి ఉన్నది.
వేలు పెడితే గుంట పడ్డది,
ఆ గుంట అట్లనే ఉండిపోయింది.

"కాటేదాన్ నూనె పోసినవా?"
తలకాయ వంచిండు,
బడికి ఆలస్యమైన పోరని లెక్క.

అదేం తప్పుపని కాదు.
రాత్రి మూకుడు దించినంక హోటళ్లోళ్లు
నల్లబడ్డ నూనెను క్యాన్లల్ల నింపి అమ్ముకుంటరు.
కాటేదాన్ల ఒక రేకుల షెడ్డు దాన్ని వడగట్టి,
ఏదో కలిపి, కాచి, కడిగి,
బండ్లు తాగే తీరు చేస్తది.
ముందుగాల ఆ నూనె ఎటు పోయేదో నాకు ఎరికే.
సగం ధరకు తోపుడు బండ్లకు,
ఆడ మళ్ల మరిగి
అడ్డా కూలోళ్ల కడుపులకు.
మనిషి గుండె కన్న పిస్టన్ గట్టిది,
ఆడనే కాలనీ.

పొగ తగ్గింది, అబద్ధమెందుకు.
ఉప్పల్ చౌరస్తల సిగ్నల్ కాడ కానిస్టేబుల్
ముక్కు మీది దస్తీ తీసి
"యాడనో మిర్చీలు ఏగుతున్నయి" అని అటిటు చూసిండట.
ఇంట్ల సాల్కీబాయి మాత్రం
"రోజు తిని వస్తున్నవ్, ఒక్కటన్న తెచ్చినవా?" అని
వారం దినాలు మాట్లాడలేదు.
పంపుల అరుగుడు సుత తక్కువే.
ప్లంజర్లు నున్నగ ఉన్నయి, నా చేతులే సాక్ష్యం.

మరి మొదటి నెల గుర్తున్నదా లక్పతీ?
నాలుగు ఫిల్టర్లు మార్చినం.
పదకొండేండ్ల మడ్డి టాంకి అడుగున పండుకున్నది,
కొత్త నూనె వచ్చి దాన్ని లేపింది.
మ్యాన్‌హోల్ సాఫ్ చేసెటోని మీదికే
గల్లీ గల్లీ ముక్కు మూసుకొని కొట్లాటకొస్తది.
అట్లనే తిట్లన్నీ కొత్తదానికి పడ్డయి.
ఆ తర్వాత రబ్బరు పైపు
నానబెట్టిన శెనగ లెక్క ఉబ్బింది,
ఎల్బీనగర్ ఫ్లైఓవర్ మీద చుక్క చుక్క కారింది.
లీటరుకు అర కిలోమీటరు తక్కువొస్తున్నదని
సిగరెట్ డబ్బా అట్ట మీద రాసి తెచ్చి చూపెట్టినవు.
వానల్ల పదిహేను దినాలు బండి నిలబెడితే
టాంకిల నీళ్లు చేరి నాచు పట్టింది.

ఇప్పుడు చలి వంతు.

స్టవ్ మీద నీళ్లు కాచినం.
ముబీన్ చాయ్ గిన్నెతోనే పోస్తున్నడు,
ఫిల్టర్ మీద, లైన్ మీద,
జరమొచ్చిన పిల్లగానికి కాపడం పెట్టినట్టు.

షాపు ముందట కానుగ చెట్టున్నది.
దాని గింజల నూనెతోని బండ్లు నడుస్తయని
ఇరవై ఏండ్ల కింద మా ఊర్ల ఎవరో మీటింగ్ పెట్టిండ్రు.
మా చిన్నాయన ఆ జోష్‌ల రెండెకరాలు అడవి ఆముదం పెట్టిండు.
చెట్లు మంచిగనే పెరిగినయి.
కాయలు కాసుడే మరిచినయి.
మేకలు సుత మూతి పెట్టలేదు.
ఈ కానుగ కాయలేమో అడగకుండనే రాలుతయి,
ఊడ్చేటామె కుప్ప చేసి అగ్గిపుల్ల గీస్తది.

ఇంకో గుబులు.
పట్నం పట్నమంతా రాత్రింబగళ్లు మిర్చీలేసినా
రింగురోడ్డు మీది లారీలకు ఒక్కపూట సాలదు.
సాలదని తెల్సినంక ఏం చేస్తరు?
మూకుడుల నుంచి వచ్చే నూనె వేరు,
మూకుడును దాటేసి వచ్చే నూనె వేరు.

"గిదంతా కాదన్నా, పోయాల్నా వద్దా?" అన్నడు లక్పతి.

నేను పంపు మిస్త్రీని, జాతకం చెప్పెటోన్ని కాదు.
"ఎండకాలం అయిదు పాళ్లల్ల ఒక పాలు కలుపు.
చలి శివశివా అని పోయేదాంక ఒట్టి డీజిలే.
పైపులు మార్చు. సీటు కింద ఒక ఫిల్టర్ పెట్టుకో.
కొనేముందు సీసల పోసి రాత్రి బయట పెట్టు,
పొద్దుగాల పేరితే అది నీ నూనె కాదు."

ఆరుంబావుకు ఇంజన్ రెండుసార్లు దగ్గి లేచింది.
పూలు వాడలేదు గాని బేరం వాడింది.
పైసలు రేపిస్తనన్నడు,
దోసెడు బంతిపూలు నా పానాల డబ్బల పోసి పోయిండు.

పల్చటి పొగ పోయిన దిక్కే చూసుకుంట
ముబీన్ అన్నడు:
"ఉస్తాద్, ఆకలైతున్నది."