దివాను గారికి జమేదారు లెక్క

యుద్ధం ఎక్కడుందోయ్ అని అడిగారు, దివాను గారూ.
నలభై మందికి ఏడాది గ్రాసం ఎందుకని
కరణం చేత ఎర్ర సిరాతో గీత గీయించారు.

చిత్తం. మన మొగలిలంక దేశం నాకూ తెలుసు.
తూర్పు రేవులో పొద్దున్నే పడవెక్కితే
అంబళ్ళ వేళకి పడమటి సరిహద్దు దాటిపోతాం.
ఏటా గోదారి ఒక గట్టు కోసుకుపోయి
ఇంకోచోట ఇసక పోసి వెళ్తుంది;
పటం గీసినవాడే ఇప్పుడు దాన్ని గుర్తుపట్టడు.
ఇంతటి దేశానికి సైన్యమా అని నవ్వొచ్చు.
నేనూ నవ్వాను, మొదటి రోజు,
కొబ్బరితోట వెనక మెరకలో వాళ్ళు నిలబడ్డప్పుడు.
అది వరస కాదండీ, వరద కొరికిన గట్టు.

ఎవడి పక్కన ఎవడు నిలబడాలో అదో తగువు.
పొడుగును బట్టి నిలబెట్టాను.
ఏట్లో దిగితే నీళ్ళు అడిగేది అదొక్కటే కదా అన్నాను.
గొణిగారు. నిలబడ్డారు.

ఏసోబుకి ఎడమ తెలీదు, పోలయ్యకి కుడి తెలీదు.
కుడి అంటే అన్నం తినే వైపురా అన్నాను;
చెయ్యి తెలిసింది, కాలు తెలీలేదు.
ఆఖరికి ఒక కాలికి తాటాకు, ఒక కాలికి కొబ్బరాకు కట్టి
తాటాకూ! కొబ్బరాకూ! అని నెల్లాళ్ళు అరిచాను.
చాకలిరేవులో ఆడవాళ్ళు ఇప్పటికీ నన్ను చూసి
ఆ రెండు మాటలే అంటారు. పడతాను.

ఇక్కడ అసలు శత్రువు ఉప్పుగాలి.
తుపాకులకి కొబ్బరినూనె ఇప్పిస్తే
సగం వాళ్ళ తలలకే పోయింది.
ఊడ్పులప్పుడు పదిహేను మంది రారు,
పులస ఎక్కే రోజుల్లో పాతికమంది రారు.
రానివాడి కోసం నేనే దమ్ములోకి దిగి
మోకాలి బురదతో పిలుచుకొచ్చాను.
జీతంలో కోత వెయ్యలేదు. అది నా తప్పే, రాసుకోండి.

గురి నేర్పాను. పిడతల ఖర్చు రెండు రూపాయలు.
కానీ ఏడాదంతా పట్టింది ఒక్క మాటకండీ:
ఆగు.
ఉరికేవాణ్ణి ఉరికించడం ఎవడికైనా వచ్చు.
ఏటికి ఎదురీదిన ఒళ్ళు, ఎడ్లని అదిలించిన గొంతు,
వీళ్ళకి ఆగడమంటే ఓడడం.
చీమ కుట్టినా కదలొద్దన్నాను.
ఆకలేళ ఎదురుగా ఉడికిన పెండలం పెట్టి
ఆగమన్నాను.
పోలయ్య ఏడ్చాడు.

కార్తీకం చివర ఆ మంచు రాత్రి మీకు తెలుసు.
వశిష్ఠ మొగలో బూర మోగింది.
దీపాల్లేని పడవలు మూడు
పోటుతోపాటు పైకొస్తున్నాయి.
నలభై మందీ గట్టు వెంట మోకాళ్ళ మీద.
తాటాకు లేదు, కొబ్బరాకు లేదు,
వరస తిన్నగా ఉందో లేదో
చీకట్లో భుజాలు తడిమి చూసుకున్నాను.
గురి అన్నాను.
తర్వాతి మాట నాలుక మీదే ఉంది.
ఆగు అన్నాను.

పడవలో ఒక పసిబిడ్డ దగ్గింది.
తుపాను తిన్న పక్క దేశపు పల్లె ఒకటి
చట్టీ కుండలతో, తడిసిన కోళ్ళతో
మన రేవు వెతుక్కుంటోంది.

క్రమశిక్షణ అని మీరు కొలువులో చదివారు,
నాకు శాలువా కప్పారు.

గ్రాసం కోసేముందు ఒక నిజం వినండి.
తెల్లారి తుపాకులన్నీ పరీక్షించాను.
ముప్పైతొమ్మిదింట్లో మందు మంచుకి ముద్దైంది.
పేల్చమన్నా పేలేవి కావు.
చాప పరిచి ఎండబెట్టాం;
కాకులొచ్చి ఒక చూపు చూసి పోయాయి.

నలభయ్యోది దస్తగిరిది.
నేను చెప్పకుండానే మైనపుగుడ్డ చుట్టుకున్నాడు,
మందు పొడిగా ఉంది, ఇసకలా.
రాత్రి వేలు ఎక్కడ పెట్టావురా అని అడిగితే
చూపించాడు:
మీటకి బెత్తెడు ఇవతల, కర్ర మీద.
అక్కడ చెమట మరక ఇంకా ఆరలేదు.

ఏడాదికి ఒకడికి వచ్చిందండీ.
మిగతావాళ్ళకి వచ్చిందో రాలేదో
నాకు తెలీదు, వాళ్ళకీ తెలీదు.
ఇంకో ఏడాది గ్రాసం ఇప్పించండి.
ముప్పైతొమ్మిది మైనపుగుడ్డలు కూడా.