మసి లెక్క

విక్టోరియా సరస్సు నడుమ మా దీవిలో
నిచ్చెన పట్టుకోవడం నా ఉద్యోగం.
అపోందీ బసచేసిన ఇంటి చూరెక్కి
గాలి పెట్టె మూత తీస్తుంది,
నిన్నటి కాగితం బిళ్ళ తీసి ఇవాళ్టిది పెడుతుంది.
షిల్లింగంత బిళ్ళ.
తెల్లగా పైకెళ్ళింది బూడిదరంగులో దిగుతుంది.
"నువ్వు నిన్న పీల్చింది ఇదే, ఒదేరా."
నాకు తుమ్మొస్తుంది.

పెద్ద తీగ మా దాకా రాలేదు.
నీళ్ళు దాటాలంటే తీగకు బద్ధకం, అనేవాడు మా నాన్న.
ఇప్పుడు బడి కప్పు మీద పలకలు,
మిల్లు మీద పలకలు, నెరీయా కొట్టు మీద నాలుగు.
ఎవరి ఎండ వాళ్ళది, మిగిలింది పక్కింటికి.
మిగలనప్పుడు తగువు.
తగువు కూడా రాసుకుంటుంది అపోందీ,
గంట, నిమిషం,
ముందు ఎవరు అరిచారో.

ఒకప్పుడు ఒమేనా వేటకెళ్ళే ప్రతి పడవలోనూ
కిరసనాయిలు దీపం.
వెలుగు చేపలకి, పొగ మాకు.
ఇప్పుడు బ్యాటరీ దీపాలు.
నెలనెలా బిళ్ళలు తెల్లబడుతున్నాయి.
వ్యాసం సగం రాసేసింది,
నిచ్చెన రెండేసి మెట్లు దిగుతోంది.

ఏప్రిల్లో మబ్బు నాలుగు రోజులు కదల్లేదు.
దీవి బ్యాటరీ ఇంకిపోయింది.
వానలో నిచ్చెన వెయ్యలేదు.
పెట్టెకు సొంత బ్యాటరీ ఉంది, అదొక్కటే నిద్రపోలేదు.
ఐదో పొద్దున దిగిన బిళ్ళ
కుండ అడుగులా ఉంది.

పడవలన్నీ ఒడ్డునే ఉన్నాయి, ఉరుములకి జడిసి.
మరి ఎవరి పొగ ఇది?
నెరీయా పొయ్యిలో బూడిద తడిసి ఉంది.
మిల్లు ఇంజను మీద చెయ్యి వేసి చూసింది. చల్లగా ఉంది.
మధ్యాహ్నానికి తన గదికి తిరిగొచ్చి
గడప దగ్గరే ఆగిపోయింది.

కిటికీలో బుడ్డి దీపం, చిమ్నీ నల్లగా.
సరిగ్గా దాని పైన పెట్టె నోరు.
నాలుగు రాత్రులు
పొగ తగ్గిందని రాయడానికి
వెలిగించిన దీపం.

"ఆ ఒక్కటీ తీసేస్తే సరి, ఎవరు చూడొచ్చారు?" అన్నాను.
నవ్విందో దగ్గిందో తెలీలేదు.
పెట్టెను అవతలి గోడకి మార్చేద్దామని సుత్తి తెచ్చాను.
వద్దంది.
"నేనూ ఇక్కడే పీలుస్తున్నాగా."

మసి పూసి మారేడుకాయ చేసేవాళ్ళని చూశాను,
కొలతల బాబులు చాలామందే వచ్చిపోయారు.
ఈమె మసిని మసి అనే రాసింది.
తేదీ. బరువు.
కారణం అన్న గడిలో
తన పేరు.