మూడో నంబరు గది

చుట్టుగుంట దాటాక ఎడంచేతి వైపు మా కోల్డ్ స్టోరేజీ.
మూడో నంబరు గదిలో, అమ్ముడు కాని టిక్కీల వెనక,
బూజులా మంచు పట్టిన అమ్మోనియా గొట్టం కింద
గోనెపట్టా కప్పుకుని పడుకున్నాయి నా స్కీలు.
ముఠామేస్త్రి కోటిలింగం వాటిని
"అమ్మగారి తెడ్లు" అంటాడు.
ఏ ఏట్లో వేస్తానో మాత్రం ఇన్నేళ్ళూ అడగలేదు.

నవంబరు మొదటి వారం.
బ్రాడీపేట నాలుగో లైనులో
ఆఖరి రోగి కట్టు కట్టించుకుని వెళ్ళిపోయాక
ఎక్స్‌రే పెట్టె వెలుగు మీద కొండల పటాలు పరిచాం.
కమరున్నీసా ఎముకల డాక్టరు.
కొండనీ మోకాలినీ ఒకే చూపు చూస్తుంది.
"ఇక్కడ విరుగుద్ది" అని వేలు పెడుతుంది,
అక్కడికే వెళ్దామంటుంది.

ఏసుపాదం బ్యాంకు మనిషి. చిత్తుకాగితం మీద
గన్నవరం నుంచి మంచు దాకా గంటలు కూడుతున్నాడు.
ఔలీ అయితే విమానం దిగాక పగలంతా కారు,
చరియ విరిగితే ఇంకో పగలు.
సోలాంగ్ వైపు వెళ్ళే చిన్న విమానం
మబ్బు తునక కనపడితే చాలు,
అలిగి పుట్టింటికి మళ్ళే కొత్త కోడలు.
ఆల్మటీ సుఖం: ఢిల్లీలో ఎక్కి ఓ కునుకు తీస్తే ఊరు,
ఊరి అంచునే తీగబండి.
కమర్ పెదవి విరిచింది.
"రోజూ రాత్రి మిషన్లు దువ్వి జడేస్తాయి ఆ వాలుకి.
జడేసిన కొండ నాకొద్దు.
విరబోసుకున్నది చూడు."

అట్లాంటిది ఒకటే మిగిలింది.
శ్రీనగర్ దిగి, జీపులో రెండు గంటలు,
తీగబండి రెండో అంచె,
ఆ పైన దువ్వెన లేదు, కంచె లేదు,
కొండ దాని ఇష్టానికి అది ఉంటుంది.
పోయినేడు వెళ్ళిందీ అక్కడికే.

మాకు మంచు ఎవరిచ్చారు గనక!
రోహిణిలో తారు చెప్పుకి అంటుకునే ఊరు.
కొండవీడు ఘాట్‌రోడ్డు మీద, ఎండెక్కకముందే,
చక్రాల స్కీలతో నేర్చాం మలుపు తిరగడం.
మేకలు తోలుకెళ్ళే ముసలాయన గోడకి ఒరిగి నిలబడి
"బ్రేకులెక్కడమ్మా దీనికి?" అన్నాడు.
నవ్వుతూ దాటిపోయాం.
ఆ ప్రశ్న నా వెనకే జారుతూ వచ్చింది,
శ్రీనగర్ దాకా.

అందుకే చెప్పాను, ఎక్స్‌రే పెట్టె వైపు చూస్తూ.
పోయినేడు ఆ అంచు నుంచి మీరిద్దరూ దిగాక
నేను దిగలేదు.
కింద తెలుపు, ఎదర తెలుపు,
వాలు ఎక్కడ మొదలవుద్దో కంటికి ఆనలేదు.
స్కీలు విప్పి భుజానేసుకుని
ఖాళీ తీగబండిలో కిందికొచ్చి
కహ్వా తాగుతూ మీకెదురొచ్చాను,
మీకన్నా ముందే దిగినదాన్లా.

ఏసుపాదం కలం ఆగింది.
కమర్ పెట్టె లైటు ఆర్పి,
తాళంచెవి కోసం సొరుగు వెతుకుతూ అంది:
"తెలుసులే. ఆ రోజు నీ బూట్లు పొడిగా ఉన్నాయి."

ఆల్మటీ పేరు మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.
ఫిబ్రవరి రెండో శుక్రవారం.
యార్డు గేటు ముందు కొత్త కాయ బారులు తీరే వారం.
అన్నయ్య అరుస్తాడు, అరవనీ.
మంగళవారం పొద్దున కాటా దగ్గరుంటాను.
దిగుతానో లేదో అన్న గడి
ఏసుపాదం కాగితంలో లేదు.

జనవరంతా, రాత్రుళ్ళు కంప్రెసర్ చూడ్డానికి వెళ్ళినప్పుడల్లా
గొట్టం మీది మంచు గోటితో గీరాను.
ముద్ద కట్టదు, పొడిపొడిగా రాలదు,
దీని మీద చీమ కూడా జారదు.
అయినా బూటులో బొటనవేలు
దానంతటదే ముందుకి వంగుద్ది.

బయలుదేరే రోజు కోటిలింగం
గోనెపట్టా లాగి స్కీలు దులిపాడు.
ఏడాది కారం ఎర్రగా లేచింది.
ఇద్దరం తుమ్మాం.
"ఒక తుమ్మయితే ఆగాలమ్మా, రెండయితే పర్లేదు," అని
ఇంకా ఏదో అడగబోయి
మళ్ళీ తుమ్మాడు.